చెరువుకు హద్దు ఎవరు గీస్తారు?

(సలీం అలీ స్మృత్యర్థం పటాన్‌చెరులో చేసిన ఉపన్యాసం)

వెనక వరుసల్లో కూర్చున్న పెద్దలు దయచేసి ముందుకు రావాలి. ఈ సాయంత్రం నేను చెప్పబోయే మాటల్లో సగం మీ దగ్గర నేర్చుకున్నవే.

పక్షిశాస్త్రవేత్త సలీం అలీ పేరు మీద పటాన్‌చెరులో ఉపన్యాసం ఏమిటని నన్ను కొందరు అడిగారు. బొంబాయిలో పుట్టి పెరిగిన మనిషికి ఈ ఫ్యాక్టరీల ఊరితో సంబంధం ఏమిటి? సంబంధం ఉంది. ఉద్యోగం పోయి ఖాళీగా ఉన్న రోజుల్లో, 1931లో, ఆయన చేపట్టిన మొదటి పెద్ద పని మన హైదరాబాద్ సంస్థానంలో పక్షుల సర్వే. జీతం అడగలేదు. తిరుగుడు ఖర్చులు ఇస్తే చాలన్నాడు. నిజాం ప్రభుత్వం ఆ ఖర్చు ఇచ్చింది. భార్య తెహ్మీనా తోడుగా డేరాలు వేసుకుంటూ నల్లమల అడవుల్లోనూ, తెలంగాణ పల్లెల పొలిమేరల్లోనూ తిరిగాడు. ఆ సర్వే 1933, 34 సంవత్సరాల్లో బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో భాగాలుగా అచ్చయింది. ఆ తర్వాత తిరువాన్కూరు, కొచ్చిన్, ఇంకా ఎన్నో సంస్థానాల్లో ఆయన చేసిన సర్వేలన్నిటికీ మన నేల మీదే బోణీ అయింది. అందుకే ఆయన్ను మనవాడని చెప్పుకునే హక్కు మనకుంది.

ఆయన నుంచి ఈరోజు నేను తీసుకుంటున్నది ఒక్క పద్ధతి: చూసినదాన్ని చూసిన చోటే రాసిపెట్టడం. దానికి నేను ఒక్కటే మాట కలుపుతాను. పిట్టలను ఎంత శ్రద్ధగా రాసిపెడతామో, అవి వాలే నేల హద్దును కూడా అంతే శ్రద్ధగా రాసిపెట్టకపోతే ఆ పిట్టలు నిలవవు. అమీన్‌పూర్ పెద్దచెరువును ఉదాహరణగా పెట్టుకుని ఈ మాటను నిరూపించడానికి ప్రయత్నిస్తాను.

1

ముందు భరత్‌పూర్ సంగతి. ఈరోజు కేవలాదేవ్ జాతీయోద్యానంగా ప్రపంచమంతా ఎరిగిన ఆ చిత్తడి నేల ఒకప్పుడు మహారాజా వారి బాతుల వేటస్థలం. అది దానంతటదే ఏర్పడిన సరస్సు కాదు. కట్టలు వేసి, కాలువలు తవ్వి, నీళ్ళు మళ్ళించి మనుషులు తయారు చేసినది. స్వాతంత్ర్యం వచ్చాక, ఆ నీళ్ళు తీసేసి భూమిని సాగుకు పంచాలన్న డిమాండ్ బలంగా లేచింది. అడిగినవాళ్ళు దొంగలు కారు. భూమి లేని రైతులు. సలీం అలీ ఢిల్లీ దాకా వెళ్ళి నెహ్రూకు చెప్పుకున్నాడు. చేతిలో ఏళ్ళ తరబడి రాసిన లెక్కలు ఉన్నాయి కాబట్టి ఆయన మాటకు బరువు వచ్చింది. ఏ శీతాకాలంలో ఏ బాతులు ఎక్కడి నుంచి వస్తున్నాయో కాగితం మీద చూపించగలిగాడు. చెరువు నిలిచింది.

ఇంకొకటి మన కడపది. జెర్డాన్ కోర్సర్ అనే పిట్ట, మనం కలివికోడి అంటాం, 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. సలీం అలీ కన్నుమూయడానికి ఏడాదిన్నర ముందు, 1986 జనవరిలో, సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లిలో అది మళ్ళీ దొరికింది. దాన్ని పట్టి తెచ్చింది ఏ శాస్త్రవేత్తో కాదు, రాత్రిపూట లైటు పట్టుకుని పొదల్లో తిరిగే ఊరి మనిషి. తర్వాత అక్కడ శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. తెలుగుగంగ కాలువ పనులు 2005లో ఆ పొదల్లోకి చొచ్చుకువస్తే గొడవ లేచి, చివరికి కాలువ దారి మార్చారు. లక్షల ఎకరాలకు నీళ్ళిచ్చే కాలువ ఒక పిట్ట కోసం పక్కకు జరిగిందంటే, ఆ పిట్ట ఏ పొదల్లో తిరుగుతుందో పటం మీద వేలు పెట్టి చూపించగలిగిన వాళ్ళు ఉన్నారు కాబట్టే.

ఈ రెండు చోట్లా గెలిచింది ఒక్కటే. ఇక్కడ, ఈ గీత లోపల, అని చెప్పగలగడం.

2

ఇప్పుడు మన చెరువు దగ్గరికి వద్దాం.

అమీన్‌పూర్ పెద్దచెరువు ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో తవ్వించినదని చెబుతారు. ఆయన ఏలుబడి 1550 నుంచి 1580 దాకా. మన కవులు మల్కిభరాముడని నోరారా పిలుచుకున్న గోలకొండ సుల్తాను ఆయనే. హుస్సేన్‌సాగర్ కూడా ఆ కాలానిదే. ఆయన కొలువులోని అమీన్‌ఖాను ఈ పటాన్‌చెరు ప్రాంతపు అధికారి. ఊరికి ఆ పేరు ఆయన వల్లే వచ్చిందంటారు. పొన్నికంటి తెలగనార్యుడు రాసిన యయాతి చరిత్రం, తెలుగులో తొలి అచ్చతెలుగు కావ్యం, అంకితమైంది ఈ అమీన్‌ఖానుకే. సంస్కృత పదం ఒక్కటి కూడా దొర్లకుండా తెలుగు కావ్యం కావాలని కోరిన ముస్లిం అధికారి ఊరు ఇది. మన పిల్లలకు ఈ ఊరంటే ఫార్మా కంపెనీలు, అపార్ట్‌మెంట్లు మాత్రమే. వాళ్ళకు ఈ సంగతి కూడా చెప్పాలి.

ఆ కాలపు చెరువు కట్టింది పిట్టల కోసం కాదు. తోటలకు, పొలాలకు నీళ్ళ కోసం. అయినా నాలుగు వందల ఏళ్ళు తూము తీసి మూసే నీరటి ఉన్నాడు, వల వేసే బెస్తలు ఉన్నారు, కట్ట కింద వరి ఉంది, శిఖంలో పశువులు మేశాయి. ఈ మనుషుల పనుల మధ్యనే పిట్టలు చోటు చేసుకున్నాయి. భరత్‌పూర్ కథా ఇదే కదా. మన ప్రాంతంలో వన్యప్రాణి ఉందంటే, చాలాచోట్ల మనిషి కట్టిన కట్ట వెనకే ఉంది. సంగారెడ్డి పక్కన మంజీర మీద కట్టిన బ్యారేజీ వెనకాల మొసళ్ళు, వలస బాతులు చేరాయి. 1978లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. హైదరాబాద్ తాగునీటి కోసం చేసిన ఏర్పాటే వాటికి ఇల్లయింది. ఇక్కడే రోడ్డు పక్కన ఇక్రిశాట్ ఉంది. 1972లో పంటల పరిశోధన కోసం తీసుకున్న దాదాపు 3,500 ఎకరాల్లో కంచె వేసి ఉంచిన కుంటలు, గడ్డి నేలలు ఈరోజు ఈ చుట్టుపక్కల పక్షులకు పెద్ద ఆసరా. కంచె ఉన్నచోట ఆ నేల మిగిలింది.

పెద్దచెరువుకు కంచె లేదు. దాని చుట్టూ ఏం పెరిగిందో మీకు తెలుసు. 1960ల్లో బీహెచ్‌ఈఎల్, 70ల్లో పారిశ్రామికవాడ, తర్వాత ఔటర్ రింగురోడ్డు, 2017లో మియాపూర్‌కు మెట్రో. ఒకప్పుడు 300 ఎకరాలకు పైగా ఉండేదని చెప్పే చెరువు 93 ఎకరాలకు దిగింది.

అయినా ఒక మంచి జరిగింది. పోలీసు అధికారి తేజ్‌దీప్ కౌర్ మీనన్ స్పెషల్ ప్రొటెక్షన్ ఫోర్స్‌ను నడిపిన రోజుల్లో ఆ సిబ్బంది చెరువును దత్తత తీసుకుని చెత్త ఎత్తారు, మొక్కలు నాటారు, కాపలా కాశారు. పక్షి ప్రేమికులు వారం వారం వచ్చి లెక్క రాశారు. 171 రకాల పక్షులు ఆ జాబితాకెక్కాయి. 2016 నవంబరులో ప్రభుత్వం దీన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. దేశంలో ఒక నగర చెరువుకు ఆ గుర్తింపు దక్కడం అదే మొదలు. మాటల్లో కాకుండా చేతల్లో సలీం అలీ పద్ధతి ఫలించిన చోటు ఇది. అలా వారం వారం వచ్చినవాళ్ళలో కొందరు ఈ హాల్లో ఉన్నారు. వాళ్ళకు ఈ ప్రాంతం రుణపడి ఉంది.

ఆ గుర్తింపు వచ్చాక ఇళ్ళ ఒత్తిడి తగ్గిందా? తగ్గలేదు. ఎందుకు తగ్గలేదన్నదే అసలు ప్రశ్న.

3

ఇక్కడ కాస్త నెమ్మదిగా నడుస్తాను. ఉపన్యాసం మొత్తానికీ ఇదే ఆయువుపట్టు.

మామూలుగా చెరువంటే నీళ్ళనుకుంటాం. ఫొటోలో పడేది నీళ్ళే. కానీ చలికాలం ఉదయం గట్టు మీద నిలబడి చూడండి. నడిమధ్య లోతు నీళ్ళ మీద నీటికాకులు, బుడుబుంగలు కొన్ని ఉంటాయి. మిగిలిన సందడంతా అంచుల్లోనే. చీలమండ లోతు నీళ్ళు, బురద, తడి గడ్డి. ఫ్లెమింగో తల తలకిందులు చేసి ముక్కుతో బురద నీళ్ళను వడగట్టుకుంటుంది. లోతు నీళ్ళలో అది కాలు పెట్టలేదు. ఉల్లంకి పిట్టలకు కావలసింది నీళ్ళు తీసిన బురద. కొంగకు మోకాటి లోతు. లకుముకికి వాలడానికి ఒక ఎండుకొమ్మ, కింద పలచటి నీళ్ళు.

ఈ అంచునే మన ఊళ్ళలో శిఖం అంటారు. వానాకాలంలో మునుగుతుంది, మాఘం ఫాల్గుణాలకు తేలుతుంది. తేలినప్పుడు దోసకాయ వేస్తారు, గొర్రెలు మేపుతారు. చాలాచోట్ల శిఖంలో పట్టాలు కూడా ఉన్నాయి. నీళ్ళు లేనప్పుడు పంట వేసుకోవచ్చు. ఇల్లు కట్టరాదు, మట్టి పోసి ఎత్తు చేయరాదు. ఇది నిజాం కాలం నుంచి వస్తున్న ఒప్పందం. పిట్టకూ రైతుకూ ఒకే నేల, వేర్వేరు నెలల్లో.

ఆ నేలే వెంచర్ వేసేవాడి కళ్ళ పడుతుంది. వేసవిలో చూస్తే చదునైన ఎండు భూమి. రాళ్ళు పాతితే ప్లాట్లు. కొనుక్కునేవాళ్ళను ఏప్రిల్‌లో తీసుకొచ్చి చూపిస్తారు, ఆగస్టులో చూపించరు. చెరువు మధ్యలో ఇల్లు కట్టినవాడు ఎవడూ లేడు. అంచునే కొంచెం కొంచెంగా తిన్నారు. అంచు పోయాక మిగిలేది రాతికట్టు మధ్య లోతైన నీటిగుండం. అందులో చేప ఉండవచ్చు, పడవ తిరగవచ్చు. ఫ్లెమింగో మాత్రం దిగదు. చుట్టూ గోడ కట్టి, వాకింగ్ ట్రాకు వేసి, లైట్లు పెట్టి చెరువును కాపాడామని చెప్పేవాళ్ళకు నా విన్నపం ఇదే: మీరు కట్టిన ఆ ట్రాకు ఎక్కడుందో చూడండి. చాలాసార్లు అది శిఖం మీదే ఉంటుంది.

చట్టం ఏమంటుంది? 2012 నాటి భవన నిర్మాణ నియమాలు, జీవో 168, పది హెక్టార్లు దాటిన చెరువుకు పూర్తి నీటిమట్టం గీత నుంచి 30 మీటర్లు, చిన్న కుంటకు 9 మీటర్లు వదలమన్నాయి. ఎఫ్‌టీఎల్ అని మనమంతా రోజూ అనే మాట ఆ గీతే. 30 మీటర్లు సరే, ఎక్కడి నుంచి 30? అది గీత గీసినవాళ్ళ చేతిలో ఉంది. పూర్తి నీటిమట్టాన్ని తేల్చేది మత్తడి, అంటే అలుగు, ఎత్తు. చదునైన మన నేలలో మత్తడిని రెండడుగులు పగలగొడితే నీళ్ళు ఎన్నో ఎకరాలు వెనక్కి తగ్గిపోతాయి, గీత లోపలికి జరుగుతుంది, ప్లాట్లు బయటపడతాయి. తూము పూడ్చేస్తే దీనికి విరుద్ధంగా నీళ్ళు పట్టా భూముల్లోకి తన్ని, హక్కుదారులు లబోదిబోమంటారు. పై కుంట నుంచి వచ్చే వాగును పూడిస్తే చెరువు నిండదు. నిండని చెరువుకు పూర్తి నీటిమట్టం కాగితం మీదే ఉంటుంది. మన చెరువులు గొలుసుకట్టు. ఒకదాని మత్తడి నీళ్ళు ఇంకోదానికి వరద. గొలుసులో ఏ కొక్కెం ఊడినా కింద చెరువు చచ్చిపోతుంది, లేకపోతే కాలనీ మునుగుతుంది. 2020 అక్టోబరు వానల్లో ఫాక్స్‌సాగర్ నీళ్ళు ఉమామహేశ్వర కాలనీలో వారాల తరబడి నిలిచిపోవడం మనమంతా చూశాం. నీళ్ళు తమ పాత చోటుకే వచ్చాయి.

కాబట్టి జీవవైవిధ్య వారసత్వ స్థలమని బోర్డు పెట్టిన రోజునే, ఆ స్థలం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో రాళ్ళు పాతి, మత్తడి ఎత్తు కొలిచి, వాగుల దారులు గుర్తించి, ఊరందరి ముందూ చదివి వినిపించాల్సింది. 171 పేర్ల జాబితా మన దగ్గర ఉంది. ఒక్క హద్దు జాబితా మాత్రం ఏ ఇంట్లోనూ లేదు.

4

ఇప్పుడు ఒక కష్టమైన మాట. ఇక్కడ కూర్చున్న కాలనీవాళ్ళు దయచేసి చివరిదాకా వినాలి.

2024 జూలైలో చెరువుల, ప్రభుత్వ భూముల ఆక్రమణలను తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చింది. సెప్టెంబరు 22, ఆదివారం. అమీన్‌పూర్ మండలం కిష్టారెడ్డిపేటలో, పటేల్‌గూడలో యంత్రాలు దిగి భవనాలు కూల్చాయి. అవి ప్రభుత్వ భూమిలో కట్టినవని అధికారులు చెప్పారు. సెలవురోజున కూల్చడమేమిటని హైకోర్టు నిలదీసింది. అప్పుడు చాలామంది పర్యావరణ మిత్రులు సంతోషించారు. నేను సంతోషించలేకపోయాను. కూలిన ఇళ్ళలో కొన్నిటి మీద ఇంకా బ్యాంకు కిస్తీలు నడుస్తున్నాయి. రిజిస్ట్రేషన్ చేసింది ప్రభుత్వమే, అప్పిచ్చింది బ్యాంకే, కరెంటు మీటరు పెట్టింది డిస్కమే, ఇంటిపన్ను తీసుకుంది పంచాయతీ, మున్సిపాలిటీలే. ఇన్ని ముద్రలు పడ్డ కాగితం పట్టుకుని ఇల్లు కొన్న మనిషి, జీవితకాలపు కష్టాన్ని అందులో పోసిన మనిషి, చెరువుకు శత్రువు ఎలా అవుతాడు? అతనికి ఎవరూ హద్దు చూపించలేదు. చూపించి ఉంటే కొనేవాడు కాదు. చెరువును కాపాడే ఉద్యమానికి అతనికన్నా దగ్గరి సాక్షి లేడు.

సలీం అలీ గౌరవార్థం మాట్లాడుతున్నాను కాబట్టే ఇది కూడా చెప్పాలి. భరత్‌పూర్‌ను జాతీయోద్యానం చేశాక, 1982లో అక్కడ పశువుల మేతను నిషేధించారు. ఆ నిషేధాన్ని ఆయన సమర్థించాడు. గ్రామస్థులు ఎదురుతిరిగారు, పోలీసులు కాల్పులు జరిపారు, మనుషులు చనిపోయారు. తర్వాత ఆయన సొంత సంస్థ, బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీ, పదేళ్ళు అధ్యయనం చేసి ఏం తేల్చింది? గేదెలు మేయకపోవడంతో గడ్డి పెరిగిపోయి నీళ్ళు మూసుకుపోయాయని, ఆ మేత పక్షులకు మేలే చేసేదని. ఆ ప్రాణాలు ఏ పిట్టనూ కాపాడలేదు. నేను ఆ సంస్థను అమితంగా గౌరవించేది ఇందుకే: తమకు నచ్చని నిజాన్ని కూడా లెక్కగట్టి అచ్చువేశారు.

ఈ పాఠం మన చట్టంలోనే ఉంది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం 37వ సెక్షన్ ఒక చోటును వారసత్వ స్థలంగా ప్రకటించే అధికారం రాష్ట్రానికిస్తూ, స్థానిక సంస్థలను సంప్రదించమంటుంది. ఆ ప్రకటన వల్ల ఎవరి బతుకు దెబ్బతింటే వారికి పరిహారమో పునరావాసమో కల్పించే పథకం రాష్ట్రమే తయారు చేయాలని కూడా అందులో రాసి ఉంది. శిఖం పట్టాదారుకు కట్టుకోవద్దని చెప్పినప్పుడు, అతనికి ఏం ఇస్తామో కూడా చెప్పాలి. మోసపోయిన ప్లాటుదారుకు అమ్మినవాడి దగ్గర డబ్బు ఎలా రాబట్టిస్తామో చెప్పాలి. ఇవి చెప్పకుండా యంత్రం పంపితే ఆ కాలనీ మొత్తం రేపటి నుంచి చెరువు పేరు వింటేనే మండిపడుతుంది. అప్పుడు పిట్టల తరఫున మాట్లాడేవాళ్ళు వారం వారం వచ్చే బయటి మనుషులే మిగులుతారు.

5

చివరిగా, ఎవరు రాసిపెట్టాలి అన్నది.

2025 మార్చి చివర్లో కంచ గచ్చిబౌలిలో ఏం జరిగిందో ఇక్కడున్న విద్యార్థులకు నేను చెప్పనక్కరలేదు. మీలో కొందరు అక్కడే ఉన్నారు. 400 ఎకరాల్లో రాత్రీ పగలూ యంత్రాలు తిరిగాయి. ఆ నేల తనదని హైదరాబాద్ విశ్వవిద్యాలయం అంది, తనదని ప్రభుత్వం అంది. అటవీ శాఖ రికార్డులో అది అడవి కాదు. జింకలకు, నెమళ్ళకు మాత్రం అడవే. విద్యార్థులు లాఠీలకు ఎదురు నిలబడ్డారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే కలగజేసుకుని పనులు ఆపించింది. గొప్ప సంగతి. కానీ ఆపే సమయానికి చెట్లు చాలా పడిపోయాయి. యాభై ఏళ్ళుగా ఆ నేల ఎవరిదో, ఏమిటో కాగితం మీద తేలకుండా వదిలేసినందుకు చెల్లించిన మూల్యం అది. పోరాటం యంత్రం వచ్చిన రోజున మొదలైతే సగం అప్పటికే పోయినట్టు.

పటాన్‌చెరు ఈ పాఠాన్ని అందరికన్నా ముందే నేర్చుకుంది. నక్కవాగు రంగు మారి, పొలాలు మాడి, గొడ్లు చచ్చిపోతున్న రోజుల్లో డాక్టర్ అల్లాని కిషన్‌రావు గారి లాంటివారు ఊరూరా తిరిగి జనాన్ని కూడగట్టారు. 1990లో కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఏ ఊళ్ళో ఎన్ని ఎకరాలు పాడయ్యాయి, ఏ బావిలో నీళ్ళు ఏ రంగులో ఉన్నాయి అని రాసి చూపించగలిగిన చోటే రైతుకు పరిహారం అందింది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు మన వ్యర్థజలాల శుద్ధి కేంద్రం నుంచి బయటకు వచ్చే నీళ్ళలో సిప్రోఫ్లోక్సాసిన్ ఎంత ఉందో కొలిచి అచ్చువేశాక, పటాన్‌చెరు పేరు ప్రపంచ వైద్య పత్రికలకెక్కింది. అంతకుముందు ఎన్నేళ్ళు మనం కంపు కొడుతోందని అరిచాం! లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని చెప్పాకే అందరికీ వినబడింది.

కాబట్టి నేను కోరేది ఒక పనుల జాబితా. జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థకూ జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. అమీన్‌పూర్ కమిటీలో మత్స్యకార సంఘం పెద్దలకు చోటివ్వండి, కాలనీ సంఘాల ఆడవాళ్ళకు చోటివ్వండి, శిఖం పట్టాదారులకూ ఇవ్వండి. ఆ కమిటీ మొదటి పని పక్షుల లెక్క కాదు. అది మన మిత్రులు చేస్తూనే ఉన్నారు. మొదటి పని గ్రామ నక్షా, సేత్వార్, పాత పహాణీల్లాంటి భూమి రికార్డులు తెచ్చి పక్కపక్కన పెట్టడం. పెద్దచెరువుకు, దానికి నీళ్ళిచ్చే కుంటలకు, వాటిని కలిపే వాగులకు సర్వే నంబర్లు రాసుకోవడం. ప్రతి ఏడాదీ అలుగు పారే రోజున, నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో అక్కడ సున్నపు గుర్తు వేసి, ఫొటో తీసి, తేదీ రాసి, మున్సిపల్ కార్యాలయంలో దాఖలు చేసి రసీదు తీసుకోవడం. ఏ లేఔట్ దరఖాస్తు వచ్చినా ఆ రసీదుల కట్ట పక్కన పెట్టి చూడమని అధికారులను అడగడం. రిజిస్ట్రార్ కార్యాలయం గోడ మీద ఆ సర్వే నంబర్లు పెద్ద అక్షరాల్లో రాయించడం. కొనేముందు ఒక్కసారి చదువుకుంటారు.

నీళ్ళు ఎక్కడిదాకా వచ్చేవో చెప్పగలిగిన నీరటి కుటుంబాల పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు. వాళ్ళలో ఇద్దరు ఈరోజు ఇక్కడికి వచ్చారు. బయట వరండాలో రెండు బల్లలు కలిపి అమీన్‌పూర్ గ్రామ నక్షా పరిచి ఉంచాం. పక్కన ఎర్ర పెన్సిళ్ళున్నాయి. ఆ పెద్దలు అక్కడ కూర్చుంటారు. మీ ఇల్లు, మీ కాలనీ ఎక్కడుందో వెతుక్కుని, వాళ్ళను అడిగి, మీ ఎదుటే గీయించుకుని వెళ్ళండి. ఎవరి ఇల్లు గీత లోపల పడినా భయపడకండి. ఆ పేర్లు విడిగా రాసుకుందాం. వచ్చే నెల కలెక్టరు గారి దగ్గరికి వెళ్ళేటప్పుడు పరిహారం మాట ముందుగా ఎత్తేది వాళ్ళ కోసమే.